పిన్ని కూతురు చెల్లెలెందుకైంది? – సోషియాలజీ చదువుతున్న ఒక విద్యార్థినికి జవాబు

ప్రశ్న: నేను హనుమకొండలో బీఏ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు ఇంగ్లీషు మీడియం. చరిత్ర, రాజనీతి శాస్త్రం ఎలాగోలా నడుస్తున్నాయి. సోషియాలజీ దగ్గరే ఆగిపోతున్నాను. ఒక్కో మాటకి అయిదారుగురి నిర్వచనాలు. రాత్రి బట్టీ పడితే పొద్దున్నకల్లా ఎవరిది ఎవరిదో కలగాపులగం. మొన్న క్లాసులో మా మేడమ్ "అంతర్వివాహం, బహిర్వివాహం రెండూ మీ ఇంట్లోనే ఉన్నాయి, లేచి చెప్పు" అన్నారు. నిర్వచనాలు గడగడా అప్పజెప్పాను. "అది పుస్తకంలోది. మీ ఇంట్లోది చెప్పు" అన్నారు. నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి చెప్తే మా అన్నయ్య "అందరికీ తెలిసిన సంగతులకే పెద్ద పెద్ద పేర్లు పెట్టడం తప్ప ఆ సబ్జెక్టులో ఏముంది" అన్నాడు. వాడికీ జవాబు చెప్పలేకపోయాను. ఈ కాన్సెప్టులు అర్థమయ్యేలా చదవడం ఎలా? తెలుగులో చదువుకుంటే తప్పా?
– ఒక విద్యార్థిని

జవాబు: మీ మేడమ్ మంచి ప్రశ్న అడిగారమ్మా. ముందు దానికే జవాబు వెతుకుదాం. మీ అన్నయ్య సంగతి దార్లోనే తేలిపోతుంది.

ఆదివారం పేపర్లో వధూవరుల ప్రకటనల పేజీ తియ్యి. ఒక్కో ప్రకటన నాలుగు ముక్కల్లో ఉంటుంది. మొదట కులం, ఆ వెంటనే గోత్రం, తర్వాత చదువు, ఉద్యోగం. ఆ మొదటి రెండు ముక్కల్లోనే నీ రెండు కాన్సెప్టులూ ఉన్నాయి. ఈ కులం లోపలే చేసుకోవాలన్నది అంతర్వివాహం. మా గోత్రం వాళ్లు మాత్రం వద్దు, బయటి గోత్రం కావాలన్నది బహిర్వివాహం. గోత్రం పట్టింపు అంతగా లేని కులాల్లో ఇంటిపేరు ఆ పని చేస్తుంది. ఒకే ఇంటిపేరంటే "అన్నదమ్ముల వరస" అని సంబంధం అక్కడికక్కడే వదిలేస్తారు. అంటే బయట ఒక పెద్ద గిరి, దాన్ని దాటి పోకూడదు. లోపల ఒక చిన్న గిరి, అందులో చేసుకోకూడదు. పెళ్లి ఈ రెండు గిరుల మధ్య చోటులో జరగాలి. మీ ఇంట్లో జరిగిన ఏ పెళ్లి శుభలేఖ తీసి చూసినా నీకు జవాబు దొరికి ఉండేది.

ఇక్కడితో ఆపితే మీ అన్నయ్యే గెలిచాడు. ఈ మాత్రం మీ నానమ్మకీ తెలుసు. కాబట్టి ఇంకో అడుగు వేద్దాం.

మీ అమ్మ చెల్లెలి కూతుర్ని తీసుకో. మీ వైపు చిన్నమ్మ అంటారేమో, నేను పిన్ని అని రాస్తాను. పిన్ని పెళ్లయి వేరే ఇంటికి వెళ్లింది. ఆమె పిల్లలకి వాళ్ల నాన్న ఇంటిపేరు, వాళ్ల నాన్న గోత్రం వచ్చాయి. మీ ఇంటిపేరు వేరు, గోత్రం వేరు, కులం మాత్రం ఒకటే. పుస్తకంలోని బహిర్వివాహ నియమం ప్రకారం మీ అన్నయ్యకీ పిన్ని కూతురికీ పెళ్లి సంబంధం కుదరడానికి అడ్డేమీ లేదు. ఆ మాట మీ ఇంట్లో పైకి అని చూడు! చెంప పగులుతుంది. పిన్ని కూతురు చెల్లెలు. అదే మేనమామ కూతురైతే మరదలు. చిన్నప్పటి నుంచే ఆ పిల్లని చూపించి అన్నయ్యని ఆటపట్టించి ఉంటారు. మామయ్య పిల్లల గోత్రం వేరు, పిన్ని పిల్లల గోత్రమూ వేరే. ఒకరు పెళ్లికి పనికొస్తారు, ఇంకొకరు పనికిరారు. ఎందుకు?

రక్తం దగ్గర కాబట్టి అంటారా? లెక్క చూడండి. అమ్మ తోడబుట్టిన మామయ్య పిల్లలైనా, అమ్మ తోడబుట్టిన పిన్ని పిల్లలైనా నీతో పంచుకునే జన్యువులు సగటున ఎనిమిదో వంతే. ఇద్దరిదీ ఒకే దూరం. పిల్లలకి ఏదైనా ఇబ్బంది వస్తే డాక్టరు "మేనరికమా?" అని అడిగేది ఈ లెక్కతోనే. ఆయనకి మామ కూతురైనా, పిన్ని కూతురైనా ఒకటే. మనకి మాత్రం కాదు. నీ క్లాసులో ముస్లిం స్నేహితురాలుంటే అడిగి చూడు. చిన్నాన్న కొడుకుతో పెళ్లి వాళ్లలో నిషేధం కాదు. అదే ఊరు, అదే వీధి, ఎనిమిదో వంతు లెక్కా అదే. అయినా ఒక ఇంట్లో చెల్లెలైన పిల్ల, పక్కింటి లెక్కలో పెళ్లికూతురు కావచ్చు.

బంధుత్వం అనే కాన్సెప్టు పుట్టింది ఇక్కడే. బంధుత్వమంటే రక్తం కాదు. రక్తాన్ని ఒక సమాజం ఎలా లెక్కపెడుతుందో ఆ పద్ధతి బంధుత్వం. మీ అన్నయ్యకి మరదలెవరో తెలుసు, చెల్లెలెవరో తెలుసు. ఎందుకలా అని అడిగితే తెలియదు. తెలిసిన దానికి పేరు పెట్టడం సులువే. తెలిసిన దానిలో చిక్కుముడి ఎక్కడుందో చూపించడం ఈ శాస్త్రం పని.

ఆ ముడి విప్పడానికి నూటయాభై ఏళ్లుగా మహా బుర్రలు తన్నుకున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో లూయీ హెన్రీ మోర్గాన్ అని ఒక లాయరు ఉండేవాడు. సెనెకా తెగ ఆదివాసుల వరసలు రాసుకుంటుంటే, వాళ్లు తల్లి అక్కచెల్లెళ్లనీ తల్లి అనే పిలుస్తారని గమనించాడు. ఇదేమిటని దేశదేశాలకీ ప్రశ్నల పట్టికలు అచ్చువేసి పంపాడు. మన వైపు నుంచి తమిళం, తెలుగు, కన్నడం వరసలు మిషనరీల ద్వారా అతనికి చేరాయి. అవి సెనెకా వరసలకి విచిత్రంగా దగ్గరగా ఉన్నాయి. 1871లో పెద్ద పుస్తకం అచ్చయింది. అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వచ్చారనడానికి ఈ వరసలే సాక్ష్యమని అతను తీర్మానించాడు. ఆ వాదన నిలబడలేదు. రెండు పద్ధతులూ పైకి ఒకేలా కనిపించినా లోపల తేడా ఉందని తర్వాతివాళ్లు చూపించారు. అయినా బంధుత్వాన్ని ఒక శాస్త్ర విషయంగా నిలబెట్టినవాడు మోర్గానే. తెలుగువాళ్ల అత్తలూ మామలూ ఆ పునాదిలో ఉన్నారని మన పాఠ్యపుస్తకాలు పిల్లలకి ఎందుకు చెప్పవో నాకు అర్థం కాదు.

ఆ తర్వాత 1953లో ఫ్రెంచి ఆంత్రోపాలజిస్టు (మానవ శాస్త్రవేత్త) లూయీ ద్యుమాఁ దక్షిణాది వరసల మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆయన ప్రశ్న ఇది: మామ అంటే ఎవరు? అమ్మకి అన్న లేదా తమ్ముడు అని అందరూ చెప్తారు. ద్యుమాఁ దాన్ని ఇటు నుంచి చూశాడు. నాన్నకి బావ లేదా బావమరిది అయినవాడు నాకు మామ. అంటే మామ అన్నది రక్తం వరస కన్నా ముందు, పెళ్లి వరస. నాన్న తరంలో రెండు ఇళ్ల మధ్య కుదిరిన వియ్యం నా తరంలోనూ సాగుతుంది. అందుకే మామ కొడుకు నాకు బావ, మామ కూతురు వదిన. మేనత్త భర్త కూడా మామయ్యే, రేపు పెళ్లయ్యాక భర్త తండ్రీ మామగారే. మేనత్తా అత్తే, మామయ్య భార్యా అత్తే, భర్త తల్లీ అత్తే. ముగ్గురికీ ఒకే పిలుపు ఎందుకంటే, ఈ పద్ధతిలో ఆ ముగ్గురూ ఒకే మనిషి అయ్యే వీలుంది. మేనత్త కొడుకుని చేసుకుంటే ఇద్దరు ఒకటై కూర్చుంటారు.

ఇప్పుడు పిన్ని దగ్గరికి రా. పిన్ని భర్తని ఏమని పిలుస్తావు? బాబాయి, చిన్నాన్న. నాన్న తమ్ముణ్ణి పిలిచే పిలుపే. అంటే ఈ పద్ధతి పిన్ని భర్తని నాన్న వైపు, అన్నదమ్ముల పక్షాన నిలబెట్టింది. అతని పిల్లలు నీకు అన్నలూ చెల్లెళ్లూ కాక ఇంకేమవుతారు? ఇంటిపేరు వేరైనా, గోత్రం వేరైనా పిన్ని కూతురు చెల్లెలు కావడానికి కారణం ఇదీ. బహిర్వివాహం అనే కాన్సెప్టు గోత్రం దాకా తీసుకొచ్చి వదిలేసింది. అక్కడి నుంచి నడవడానికి బంధుత్వ వ్యవస్థ అనే రెండో కాన్సెప్టు కావలసి వచ్చింది.

ఇది దక్షిణాది ప్రత్యేకత అని మనవాళ్లు ఎప్పుడో గమనించారు. మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ పెళ్లాడటం దక్షిణాదివాళ్ల ఆచారమని బౌధాయన ధర్మసూత్రంలోనే ఉంది. ఉత్తరాదిన చాలాచోట్ల ఆ పెళ్లి ఊహకి కూడా రాదు. మరదలి మీద మన సినిమా పాటలు అక్కడి కోడలికి వినిపిస్తే ఏమనుకుంటుందో! 1953లోనే ఆంత్రోపాలజిస్టు ఇరావతీ కర్వే దేశాన్ని బంధుత్వ పద్ధతులను బట్టి మండలాలుగా విడదీసి చూపించింది. ఉత్తరాదిలో ఆడపిల్ల ముక్కూ మొహం తెలియని ఇంటికి కోడలిగా వెళ్తుంది, దక్షిణాదిలో చాలాసార్లు పుట్టినప్పటి నుంచి తెలిసిన ఇంటికే వెళ్తుంది. ఈ తేడా ఆ పిల్ల బతుకులో ఏం తేడా తెస్తుందన్నది ఆమె ఆలోచన. చట్టం కూడా ఇక్కడ తడబడి సర్దుకుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లినీ, మేనమామకీ మేనకోడలికీ పెళ్లినీ నిషిద్ధ బంధుత్వాల్లో చేర్చింది. కానీ ఇద్దరి ఆచారమూ ఒప్పుకుంటే చెల్లుతుందని మినహాయింపు పెట్టింది. తెలుగునాట హిందువుల మేనరికాలు ఆ మినహాయింపు నీడలో ఉన్నవే.

ఇక నిర్వచనాల బెడద. అయిదారుగురివి ఉన్నాయంటే వాళ్లందరూ ఒకే మాటని రకరకాలుగా చెప్పారనుకుని నువ్వు వరసపెట్టి బట్టీ పడుతున్నావు. అందుకే కలిసిపోతున్నాయి. చాలాసార్లు వాళ్లు ఒకళ్లతో ఒకళ్లు పోట్లాడుకుంటున్నారు. ఆ పోట్లాట పట్టుకుంటే పేర్లు వాటంతటవే గుర్తుంటాయి. గైడ్లలో నిర్వచనాలు ఉంటాయి, పోట్లాట ఉండదు. గైడు ధర తక్కువ కావడానికి కారణం అదే అనుకో.

దీనికి నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి పాఠం అంబేడ్కర్ 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక ఆంత్రోపాలజీ సెమినార్‌లో చదివిన వ్యాసం. భారతదేశంలో కులాలు, వాటి పుట్టుక, పనితీరు అందులో విషయం. అప్పటికి ఆయన వయసు 25. నీకన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద, అంతే. నీ సిలబస్‌లో ఉన్న పనే అక్కడ చేశాడు. కులానికి అప్పటికి పేరున్న నిర్వచనాలు నాలుగు తీసుకుని ఒక్కొక్కదాన్నీ నిలదీశాడు.

సెనార్ట్ అంటు, మైల గురించి చెప్పాడు. అంబేడ్కర్ అది కులానికి మూలం కాదన్నాడు. మైల భావం పురోహిత కర్మకాండ నుంచి వచ్చింది, పురోహిత కులం అందరికన్నా పైన ఉంది కాబట్టి కులానికి అంటుకుంది. నెస్‌ఫీల్డ్ బయటి కులాలతో కలిసి తినకపోవడాన్ని కులలక్షణంగా చూపించాడు. అది ఫలితం, కారణం కాదు, ఈయన తలకిందులు చేశాడన్నాడు అంబేడ్కర్. రిస్లీ దగ్గర కొత్తగా ఏమీ లేదని ముందుకు సాగిపోయాడు. కేత్కర్ దగ్గర మాత్రం ఆగాడు. కేత్కర్ రెండు లక్షణాలు చెప్పాడు: ఆ కులంలో పుట్టినవాళ్లకే సభ్యత్వం, బయట పెళ్లి నిషేధం. ఇవి రెండు కావు, ఒకటే అన్నాడు అంబేడ్కర్. బయట పెళ్లి ఆపేస్తే లోపల పుట్టినవాళ్లు తప్ప ఇంకెవరు మిగులుతారు? ఒక నాణేన్ని అటూ ఇటూ తిప్పి రెండు నాణేలని లెక్కపెట్టావని చెప్పడం అది. నాలుగూ పక్కకి తీశాక మిగిలింది అంతర్వివాహం. కులానికి అదొక్కటే తాళంచెవి అన్నాడు.

చూశావా, నువ్వు క్లాసులో అప్పజెప్పిన మాటే. కానీ ఇక్కడ అది నాలుగు వాదాలు ఓడించి నిలబడిన మాట.

అంతటితో ఊరుకోలేదు. ఆ తాళంచెవితో ఇంకేమేం తెరుచుకుంటాయో చూశాడు. ఒక గుంపు లోపలే పెళ్లిళ్లు జరగాలంటే ఆడా మగా సంఖ్య ఇంచుమించు సరిపోవాలి. భర్త చనిపోతే భార్య మిగిలిపోతుంది. ఆమె బయట పెళ్లాడితే గిరి తెగుతుంది. లోపలే పెళ్లాడితే ఇంకో పిల్లకి దక్కాల్సిన వరుడు పోతాడు. ఈ మిగిలిన స్త్రీని ఏం చేయాలి? భర్తతో దహనం చేయడం ఒక దారి, జన్మంతా వితంతువుగా ఉంచేయడం ఇంకో దారి. భార్య చనిపోయిన మగవాడూ మిగులే. కానీ పెత్తనం అతని చేతిలో ఉంది కాబట్టి తగలబెట్టలేరు. సన్యాసం అంటగట్టాలి, లేదా ఇంకా పెళ్లీడుకి రాని పిల్లల్లోంచి ఒకర్ని తెచ్చి కట్టాలి. సతి, వితంతువుల దుస్థితి, బాల్యవివాహం అనే మూడు వేరువేరు దురాచారాలుగా బడిలో చదువుకున్నవి ఆయన చేతిలో ఒకే యంత్రంలోని మూడు భాగాలయ్యాయి. ఈ వాదనతో ఏకీభవించనివాళ్లూ ఉన్నారు, ఉండొచ్చు. కానీ ఒక కాన్సెప్టు పని చేయడమంటే ఏమిటో చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. తెలుగులోకీ వచ్చింది, లైబ్రరీలో అడుగు. ఒక్క సాయంత్రంలో అయిపోతుంది.

నువ్వు ఇంట్లో చేయగలిగింది ఇది. ఒక్కో కాన్సెప్టుకి నోట్సులో ఒక పేజీ వదులు. ఎవరు చెప్పారో, ఎవరిని కాదనడానికి చెప్పారో పైన రాయి. నీ కళ్లతో చూసిన ఉదాహరణ ఒకటి దాని కింద. ఆ కాన్సెప్టు ఎక్కడ సరిపోలేదో అడుగున. మొదటిది పుస్తకంలో దొరుకుతుంది, రెండోది నీ చుట్టూ దొరుకుతుంది, అడుగున రాసేది మాత్రం నువ్వే ఆలోచించి పట్టుకోవాలి. అదే కష్టం, మజా కూడా అక్కడే. ఉదాహరణకి సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ చెప్పిన సంస్కృతీకరణ. కులం కదలని బండ అనుకునే రోజుల్లో, కింది కులాలు పై కులాల ఆచారాలు అందుకుని ఒకటి రెండు తరాల్లో పై మెట్టు అడుగుతాయని ఆయన 1952లో కర్ణాటకలోని కూర్గు మీద రాసిన పుస్తకంలో చూపించాడు. మద్యమాంసాలు మానేయడం, జంధ్యం వేసుకోవడం లాంటివి. మీ చుట్టుపక్కల ఉదాహరణ వెతికితే దొరుకుతుంది. ఎక్కడ సరిపోదు? మాంసం మానేసినంత మాత్రాన అంటరానివాళ్లన్న ముద్ర పోలేదు. 1927లో మహారాష్ట్రలోని మహాడ్‌లో, అంటరానివాళ్లని ముట్టనివ్వని చెరువు నీళ్లు అంబేడ్కర్‌తో కలిసి తాగిన జనం పై కులాన్ని అనుకరించడానికి రాలేదు, హక్కు అడగడానికి వచ్చారు. ఆ పేజీ అడుగున రాయాల్సింది ఇది. తర్వాత శ్రీనివాసే ఆధిపత్య కులం అన్న ఇంకో మాట తెచ్చాడు. భూమి, జనబలం ఉన్న కులం బ్రాహ్మణ కులం కాకపోయినా ఊరిని శాసిస్తుందని. మొదటి కాన్సెప్టు వదిలేసిన చోటు నుంచి రెండోది మొదలైంది.

పరీక్షలోనూ ఇదే వరస. అయిదు మార్కుల ప్రశ్నకి అయిదు నిర్వచనాలు కాదు, ఒకదానితో ఒకటి తగువు పడే రెండు రాయి. ఒక ఉదాహరణ, ఒక పరిమితి. పేపరు దిద్దేవాళ్లు ఒకే గైడులోని ఒకే పేరా వందలసార్లు చదివి విసిగి ఉంటారు. పిన్ని కూతురి ముడి చూస్తే లేచి కూర్చుంటారు.

రాజనీతి శాస్త్రం నడుస్తోందన్నావు గానీ అక్కడా ఇలాగే చూడు. రాజ్యాంగం 12వ అధికరణం "రాజ్యం" అంటే ఏమిటో నిర్వచించింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, పార్లమెంటు, శాసనసభలే కాదు, స్థానిక సంస్థలూ అందులో ఉన్నాయి. అంటే మీ ఊరి పంచాయతీ కూడా. నిర్వచనం అంత విస్తారంగా ఎందుకు రాశారని అడిగితే, ప్రాథమిక హక్కులు ఎవరి మీద అడగాలో అప్పుడు తేలుతుంది. చరిత్రలో, 1817లో జేమ్స్ మిల్ మన చరిత్రని హిందూ, ముస్లిం, బ్రిటిష్ అని మూడు ముక్కలు చేశాడు. మొదటి రెండిటికీ మతం పేరు పెట్టి మూడోదానికి క్రైస్తవ యుగమని ఎందుకు అనలేదో ఆలోచించు.

మనుషులు ఊళ్లలో కూర్చుని చూసి ఈ మాటలు తయారుచేశారని నమ్మకం కుదరాలంటే, ఎస్.సి. దూబే అనే ఆంత్రోపాలజిస్టు పుస్తకం పట్టుకో. ఉస్మానియాలో పనిచేస్తున్నప్పుడు ఆయన బృందంతో వెళ్లి హైదరాబాద్ పక్కన శామీర్‌పేటని చదివాడు. 1955లో అచ్చయింది. మొత్తం చదవక్కర్లేదు, కుటుంబం మీద ఉన్న భాగం చాలు. చదువుతూ మీ ఊరితో పోల్చుకో. ఎక్కడెక్కడ "మా ఊళ్లో ఇలా కాదు" అనిపిస్తుందో పెన్సిల్‌తో గీతలు పెట్టుకో. పుస్తకం లైబ్రరీదైతే వద్దులే, కాగితం మీద రాసుకో.

చివరి ప్రశ్న, తెలుగులో చదివితే తప్పా అని. తప్పేముంది? ముందు తెలుగు అకాడమి పుస్తకంలో పాఠం చదువు, ఆ తర్వాత ఇంగ్లీషు పుస్తకంలో అదే పాఠం. పారిభాషిక పదాలు మాత్రం రెండు భాషల్లోనూ పక్కపక్కన రాసుకో. పీజీకి వెళ్లినా, పోటీ పరీక్షలు రాసినా రెండూ కావాలి. ఇంగ్లీషు మీడియం కోర్సు అయినా విద్యార్థులు స్థానిక భాషలో పరీక్ష రాయడానికి అవకాశం ఇవ్వమని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2023 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాలని కోరింది. మీ యూనివర్సిటీ దాన్ని ఎంతవరకు అమలు చేస్తోందో పరీక్షల విభాగంలో నువ్వే వెళ్లి అడుగు. హాల్ టికెట్ వచ్చేదాకా ఆగొద్దు, పరీక్ష ఫీజు కట్టేటప్పుడే అడిగేసెయ్. తెలుగులో రాయొచ్చంటే ఈ సెమిస్టర్ సోషియాలజీ ఒక్క పేపరు అలా రాసి చూడు. మిగతావి ఎలా రాస్తున్నావో అలాగే రాయి.